వణకడం మానేసిన చెయ్యి

లోకమంతా దేవుణ్ని ఆరోగ్యం ఇమ్మని మొక్కుకుంటుంది. మా నస్పూర్ కాలనీలో మాత్రం ఇంటాయన అన్‌ఫిట్ కావాలని మొక్కుకుంటారు. ఇందులో నవ్వాల్సిందేమీ లేదు. బొగ్గుబాయిలో చేసేవాడు ఇక పనికిరాడని మెడికల్ బోర్డు రాసిస్తే, అతని ఉద్యోగం కొడుక్కో బిడ్డకో వస్తుంది. తండ్రి ఒళ్లు చెడితే ఇల్లు బాగుపడుతుంది. అందుకే మా వాడలో ఎవరైనా గట్టిగా నాలుగు రోజులు దగ్గితే పక్కింటివాళ్లు పరామర్శకు రారు. బోర్డు ఎప్పుడని అడగడానికి వస్తారు.

నా పేరు దేవదాస్. ముప్పై మూడేళ్లు బాయిలో దిగి రిటైరయ్యాను. ఇప్పుడు బోర్డుకు పోయేవాళ్లను తయారు చేస్తుంటాను. తప్పుగా అనుకోకండి, లేని రోగం నేను నేర్పను. మా మగవాళ్లకు ఉన్న రోగాన్ని దాచే రోగం ఒకటుంది. ప్రతిసారీ డాక్టరు ముందు ఛాతీ విరిచి "నాకేమైంది సార్, గుండ్రాయి లెక్కున్న" అని చెప్పీ చెప్పీ, నడుము విరిగిన రోజు కూడా నోటికి ఆ మాటే వస్తుంది. ఆ నోరు మూయించడమే నా విద్య. నేను తయారు చేసిన పదకొండు మందిలో ఒక్కడు కూడా ఫిట్టయి తిరిగి రాలేదు. పన్నెండోవాడు బాలమల్లు. నా పేరు చెడగొట్టింది వాడే.

బాలమల్లుది బాయిలో కప్పుకు దిమ్మెలు నిలబెట్టే పని. బొగ్గు తీసిన చోట నెత్తిన రాయి వేలాడుతుంటుంది. మిగతావాళ్లు అడుగుపెట్టక ముందే వాడు పోయి, ఇనుప సలాకతో కప్పును తట్టి, చప్పుడు విని, ఎక్కడ గుల్లగా పలికితే అక్కడ కర్ర దిమ్మె ఆనించాలి. మహా కోపిష్టి. దిమ్మె సగం నిలబెట్టి అన్నానికి లేచినవాణ్ని వాడు మనిషిగా చూసేవాడు కాదు. ఇరవై తొమ్మిదేళ్లలో వాడి దిమ్మెల కింద ఒక్క ప్రాణం పోలేదు.

నిరుడు ఒక రెండో షిఫ్టులో కప్పు కూలింది. చుట్టూ అంతా కూలి, బాలమల్లు దిమ్మె పెట్టినంత మేర నిలబడింది. దాని కింద వాడూ ఇంకొకడూ ఆరు గంటలు కూర్చుని బయటపడ్డారు. ఆఫీసరు నుంచి ఊడ్చే మనిషి దాకా అందరూ ఒకటే మాట, నీ అదృష్టం మంచిగుందని. కూలిన రాయి మీద లేని కోపం వాడికి ఆ మాట మీద వచ్చింది.

"అదృష్టమా? దిమ్మె ఎవడు పెట్టిండు, మీ తాతనా?" అని ఆస్పత్రి మంచం మీద నుంచే కొట్లాటకు దిగాడు.

అయితే ఆ రోజు నుంచి వాడి కుడి చెయ్యి వణకడం మొదలైంది. చాయ్ గ్లాసు నోటిదాకా వచ్చేసరికి సగమే మిగిలేది. అంగీ గుండీలు పెళ్లాం పెట్టాల్సి వచ్చేది. మందులిచ్చారు, హైదరాబాద్ పంపారు, నరాలన్నారు, భయమన్నారు. ఆరు నెలలు సిక్ సెలవులో పెట్టి, ఆఖరికి బోర్డుకు రాశారు. వాడి భార్య పోశవ్వ ఆ కాగితం చూసి మైసమ్మకు యాటను కోస్తానని మొక్కింది. మొగుడి చెయ్యి నయం కావాలని కాదు.

పోశవ్వను ఏమీ అనడానికి లేదు. వాళ్లకు ఒక్కతే బిడ్డ, సృజన. ఇంజనీరింగు చదివింది. హైదరాబాద్‌లో ఏడాది ఉద్యోగం చేసింది, ఆ కంపెనీ ఎత్తేశారు. ఆ తర్వాత ఆరేళ్లుగా సర్కారు పరీక్షలకు చదువుతోంది. నోటిఫికేషన్ వస్తుంది, పరీక్ష వాయిదా పడుతుంది, పెడతారు, రద్దు చేస్తారు, మళ్లీ మొదలు. ముప్పై ఏళ్లు వచ్చాయి. ఒకరోజు నాతోనే అంది: "పెద్దబాపు, బాపు నౌకరి నాకస్తే చేస్త. బాయిల దిగుమన్నా దిగుత. ఇంట్ల కూసునుడు నాతోని అయితలేదు." బాలమల్లు సర్వీసు ఇంకా రెండేళ్ల చిల్లర ఉంది. రెండేళ్ల లోపుకు పడిందంటే బిడ్డకు ఉద్యోగం రాదు. బోర్డు ఇంకోసారి పిలిచేలోగా ఆ గడువు దాటిపోతుంది. అంటే ఉన్నది ఒక్కటే అవకాశం.

ఇక మిషను సంగతి. సృజన హైదరాబాద్‌లో ఉన్నప్పుడు తన జీతంతో ఒక ఆటల మిషను కొనుక్కుంది. రెండు చేతుల్లో పట్టేంత ఉంటుంది, నడుమ తెర, రెండు పక్కలా గుండీలు. చదువు పాడవుతోందని దాన్ని తండ్రికి ఇచ్చి "పరీక్షలయ్యేదాక నా కండ్ల వడకుంట దాచు బాపు" అంది. బాలమల్లు దాన్ని డ్యూటీకి తీసుకుపోయే సద్ది సంచిలో దాచాడు. దొంగ చేతికి తాళాలివ్వడమంటే ఇదే. డ్యూటీ లేదు, పొద్దు పోదు, సంచి ఎదురుగా వేలాడుతుంటుంది.

అందులో ఒక ఆట ఉంది. దీపం పట్టుకున్న పిల్ల ఒకతె గుహలోకి అంతస్తు తర్వాత అంతస్తు దిగుతుంది. అంతస్తుకో భూతం అడ్డమొస్తుంది. కొట్లాట అంతా పత్తాలతోనే, పేకముక్కల లాంటివి. ప్రతిసారీ ఐదు పత్తాలు పడతాయి, వాటిలో మూడే వాడాలి. కత్తి బొమ్మ ఉన్న పత్తా కొట్టడానికి, డాలు బొమ్మ ఉన్నది కాచుకోవడానికి. గెలిస్తే కట్టలో కొత్త పత్తా చేరుతుంది, పిల్లకు బలం పెరుగుతుంది. పిల్ల చచ్చిందా, మళ్లీ మొదటి అంతస్తు నుంచే. రాత అంతా ఇంగ్లీషు. అయితే కత్తినీ డాలునూ గుర్తుపట్టడానికి ఇంగ్లీషు ఎందుకు?

మొదటి రోజు బాలమల్లు చెయ్యి వణికి, డాలు నొక్కబోయి కత్తి నొక్కాడు. పిల్ల చచ్చింది. రెండో రోజూ చచ్చింది. తన చేతి కింద ప్రాణం పోవడం వాడి సర్వీసులో లేదు. ఆ పిల్ల బొమ్మే కావచ్చు, చావు చావే అన్నాడు నాతో తర్వాత. అప్పటి నుంచి వాడికి ఆట డ్యూటీ అయింది. పొద్దున ఏడింటికి స్నానం చేసి వెనక వరండాలో కూర్చునేవాడు, మధ్యలో అరగంట సద్దికి లేచేవాడు, మూడింటికి డ్యూటీ దిగేవాడు. ఒక్క కత్తి పత్తా పట్టేవాడు కాదు, అన్నీ డాళ్లే. ముందు కప్పు ఆపుకోవాలి, తర్వాతే బొగ్గు అనేది వాడి శాస్త్రం. పోశవ్వ ఫోను చూస్తున్నాడనుకుంది. ఆరు నెలలు ఒక మనిషి రోజుకు ఏడున్నర గంటలు చిన్న చిన్న గుండీలు గురి తప్పకుండా నొక్కితే ఏమవుతుందో ఇంట్లో ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

బోర్డుకు వారం ఉందనగా నేను తయారు చేయడానికి పోయాను. స్టీలు గ్లాసులో అంచుదాకా నీళ్లు పోసి వాడి కుడి చేతికిచ్చాను. ఇది నా మొదటి పాఠం: ఒలికితే ఒలకనీ, దాచకు, ఎడమ చెయ్యి ఆనించకు. బాలమల్లు గ్లాసు పట్టుకున్నాడు. నేను నిమిషం చూశాను, రెండు నిమిషాలు చూశాను. ఒక్క చుక్క కింద పడలేదు. చెమట మాత్రం నాకు పట్టింది.

"ఎన్ని దినాలాయెరా?"

"నెల దాటె అన్నా. బిడ్డ ఆటల మిషిను గుండీలు ఒత్తంగ ఒత్తంగ వణుకు ఆగింది."

"మరి చాయ్ ఒలకవోస్తివి గదరా పొద్దుగాల?"

"కావాలనే పోసిన."

"చెప్పకపోతివేంది?"

"ఎట్ల చెప్పాలె అన్నా? చెయ్యి మంచిగైందని ఇంట్ల ఎట్ల చెప్పాలె?" అన్నాడు తల వంచుకుని.

పోశవ్వ తలుపు దగ్గర నిలబడి అంతా విన్నది. ముందు మిషనును తిట్టింది, తర్వాత మైసమ్మను తిట్టి చెంపలేసుకుంది, ఆ తర్వాత కూలబడి ఏడ్చింది. "పాడువడ్డ మిషిను! హైదరాబాద్ డాక్టర్లతోని కానిది దీనితోనే కావాల్నా?" అంది. సృజన లోపలి గదిలోంచి వచ్చింది. గ్లాసును చూసింది, తండ్రి చేతిని చూసింది, మమ్మల్ని చూసింది. లోపలికి పోయి తలుపు వేసుకుంది. అబద్ధం వద్దని ఆమె అనలేదు. అంటుందేమోనని మేం ముగ్గురం కాసేపు ఆగి చూశాం కూడా.

అప్పుడు నేను నా నియమం తప్పాను. లేని రోగం నేర్పాను. చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది గానీ, ఆ వారం నేను చాలా శ్రద్ధగా నేర్పాను.

"ఏందిరా గది, చాట చెరిగినట్టు ఊపుతున్నవ్? జర తగ్గించు. వేళ్లు మాత్రమే కదలాలె. ముఖం పరేషాన్ పెట్టు, గని ఏడ్వకు."

ఆరో రోజుకు వాడి దొంగ వణుకు అసలు వణుకు కంటే బాగా కుదిరింది. మిషను ముట్టనని బిడ్డ మీద ఒట్టు కూడా వేశాడు. మనిషి వేసిన ఒట్టు కంటే వాడు తెచ్చుకున్న సంచి తడిమి చూడటం మేలని నాకు ఆ తర్వాత తెలిసింది.

బోర్డు నాడు ఆస్పత్రి వరండాలో తొమ్మిదింటి నుంచి కూర్చున్నాం. మా నంబరు తొమ్మిది. పన్నెండున్నరకు ఆరో మనిషి లోపల ఉన్నాడు. నేను చాయ్ తాగి వద్దామని లేచి, పది నిమిషాల్లో తిరిగొచ్చాను. బాలమల్లు బెంచీ చివర వంగి, సద్ది సంచి ఒడిలో పెట్టుకుని, రెండు బొటనవేళ్లు ఆడిస్తున్నాడు.

"ఓరి నీ..., బందు వెట్టు! ఎవలన్న చూస్తరు."

"ఆఖరి మెట్టుకొచ్చిన అన్నా. ఇంతవరకు ఎన్నడు రాలే."

"సంచిల వెట్టు. ఎక్కడిదక్కడ్నే ఉంటది, మళ్ల ఆడుకో."

వాడు తల ఎత్తకుండానే అన్నాడు: "దిమ్మె సగం నిలవెట్టి సద్దికి పోతమా?"

నేనేం చేసేది? పక్కన నిలబడి చూశాను. నిజం చెప్పాలంటే చూడబుద్ధయింది. ఆఖరి అంతస్తులో భూతమంటే ఒక కొండంత రాయి. అది రెండుసార్లు ఊరుకుని మూడోసారి పైనుంచి పడుతుంది. బాలమల్లు ఆ రెండుసార్లూ డాళ్లు పేర్చుకుంటాడు, రాయి పడుతుంది, పిల్ల నిలబడుతుంది. పేర్చిన డాలుకే రాయి తగిలి కొంచెం పెళ్ల ఊడుతుంది. ఒక్క కత్తి దెబ్బ లేకుండా, ముప్పావుగంట ఓపికతో, ఆ రాయి తనంత తానే అరిగి కూలేదాకా వాడు పిల్లను నిలబెట్టాడు. తెర మీద దీపాలు వెలిగాయి. బాలమల్లు కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను కూడా "శెభాష్" అన్నాను, బుద్ధి లేనివాణ్ని. తల ఎత్తి చూస్తే బెంచీ వెనక తెల్లకోటు వేసుకున్న డాక్టరమ్మ, చేతిలో కాఫీ కప్పుతో, తెర వంకే చూస్తూ నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో తెలియదు. కప్పు పట్టుకునే లోపలికి పోయింది.

మా నంబరు పిలిచారు. చెయ్యి పని చేయని మనిషి కాబట్టి తోడుగా నన్నూ రానిచ్చారు. లోపల ముగ్గురు డాక్టర్లు. మధ్యలో పెద్దాయన. చివరి కుర్చీలో కాఫీ డాక్టరమ్మ, ముందు అలేఖ్య అని పేరు చెక్క. బాలమల్లును చెయ్యి చాపమన్నారు. చాపాడు. వేళ్లు మాత్రమే వణికాయి, నేను చెప్పినట్టే. పెన్ను పట్టుకుని సంతకం చేయమన్నారు. కోడి కెలికినట్టు చేశాడు. ముఖం పరేషాన్‌గా ఉంది, ఏడుపు లేదు. నా పన్నెండు మందిలో అంత బాగా చేసినవాడు లేడు. పెద్దాయన పాత కాగితాలన్నీ తిరగేసి, తల ఊపి, రాయడం మొదలుపెట్టాడు.

అప్పుడు అలేఖ్య డాక్టరు అడిగింది. "బాలమల్లు గారూ, బయట ఆడుతున్న ఆట మీదేనా?"

వాడు తడబడలేదు. "మా బిడ్డది మేడం. నేను ఊకె పట్టుకొని చూస్తున్న."

శెభాష్ అనుకున్నాను, ఈసారి మనసులో. ఆమె నవ్వింది. "నేను కూడా హాస్టల్లో ఆడేదాన్ని. ఆ రాయి దగ్గరికొచ్చి ప్రతిసారీ చచ్చేదాన్ని. ఇవాళ గెలిచారంటే కార్డులు బాగా పడినట్టున్నాయి. మీ అదృష్టం."

ఔ మేడం అంటే అయిపోయేది. ఆ రెండు ముక్కలతో సృజన ఆరేళ్ల తిప్పలు తీరిపోయేవి. పోశవ్వ మొక్కు చెల్లేది. నేను బల్ల కింద వాడి కాలు తొక్కాను. వాడి మెడ నరాలు ఉబ్బాయి, చెవులు ఎర్రబడ్డాయి.

"అదృష్టమా?" అన్నాడు.

బల్ల మీద తన రిపోర్టు కాగితాలున్నాయి. వాటిలోంచి ఐదు తీసుకుని పత్తాల్లాగా కుడి చేతిలో విసనకర్రలా పరిచాడు. "ఇగో మేడం, ఐదు వడ్డయనుకో. మీరు ఏం చేసి ఉంటరు? కత్తులు ఏరుకొని ఉంటరు. అందరు గట్లనే సస్తరు. కొట్టుడు ఎన్కకు, ముందుగాల కప్పు ఆపుకోవాలె. గా రాయి మూడుమాట్లకు ఒక్కపారి బరువు దింపుతది. మా బాయిల కప్పు గట్లనే దింపుతది, చెవు పెట్టి వింటే చెప్తది. గా రెండు మాట్లల్ల మనం ఖాళీగ కూసోవద్దు, ఒక్కొక్క డాలు పేర్సుకుంట పోవాలె. మంచియి వడ్డా, చెడ్డయి వడ్డా, పేర్సుడు ఆపొద్దు. ఇరవై తొమ్మిదేండ్లు నేను గదే చేసిన. నా దిమ్మె కింద ఒక్కడు సావలే. గది అదృష్టమా మేడం? మీరు సదువుకున్నోళ్లు, మీరే చెప్పుండ్రి!"

పెద్దాయన రాయడం ఆపేశాడు. మూడో డాక్టరు కళ్లద్దాలు తీశాడు. అందరం ఆ కుడి చేతినే చూస్తున్నాం. ఐదు కాగితాల్లో ఒక్కదాని అంచు కూడా కదలడం లేదు. అందరికంటే ఆఖరున చూసినవాడు బాలమల్లు.

పెద్దాయన తిట్టలేదు. లేచి వచ్చి, చెయ్యి పట్టుకుని, వేళ్లు ఒక్కొక్కటే వంచి చూసి, "ఇంత బాగా నయం కావడం నేను చూడలేదు. చాలా సంతోషం బాలమల్లూ" అన్నాడు. నిజంగానే సంతోషపడ్డాడు మహానుభావుడు. సోమవారం నుంచి డ్యూటీకి రమ్మని ఫిట్ కాగితం రాసిచ్చాడు. ఆ డాక్టరమ్మ తెలిసే అడిగిందో, ఆట మీది ముచ్చటతో అడిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. మేం బయటికొస్తుంటే మాత్రం ఆమె తల ఎత్తలేదు.

ఆటో సగం దూరం పోయాక వాడు మెల్లగా అడిగాడు. "అన్నా, గాయన ఫిట్టని రాస్తుంటే నా పాణం సల్లవడ్డది. తప్పేనా?"

"తప్పే" అన్నాను. ఓడిపోయిన కోపంలో ఉన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. నెలల తరబడి సొంత చేత్తో ముద్ద తినలేని మనిషి అది అడిగాడు.

సాయంత్రానికి కాలనీకి తెలిసిపోయింది. ఒక్కొక్కరే వచ్చి క్వార్టరు ముందు కూర్చున్నారు. "మంచిగైందట గదా, పాపం" అన్నారు. "ఏంజేస్తం, మన చేతుల ఉంటదా?" అన్నారు. "ఫికర్ చెయ్యకు, రేపేదన్న కావచ్చు, నడుము ఉండె, మోకాళ్లు ఉండె" అని ఒక ముసలాయన ధైర్యం చెప్పాడు. లోపల పోశవ్వ కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తుంటే నలుగురు ఆడవాళ్లు వీపు నిమిరారు. చావు ఇంటికి ఎక్కడా తేడా లేదు. బాలమల్లు గోడకు ఆనుకుని, వచ్చినవాళ్లందరికీ తల ఊపుతూ కూర్చున్నాడు.

జనం పోయాక సృజన బయటికొచ్చింది. తండ్రి ఎదురుగా కింద కూర్చుని, ఆ కుడి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. అరచెయ్యి తిప్పి చూసింది, వేళ్లు చాపి చూసింది. వదిలేసి, గాలిలో దానంతట అది నిలుస్తుందా అని చూసింది. నిలిచింది.

"మంచిగైంది బాపు" అంది. మా కాలనీలో ఆ మాటను మంచి మాటలా అన్నది ఆ పిల్ల ఒక్కతే. అంటూనే ఏడ్చింది. "నిజంగనే సంతోషమైతుంది. నాకంటే ఎవలకు ఎక్కువ లేదు."

"ఔ బిడ్డా" అన్నాడు వాడు.

ఆమె కళ్లు తుడుచుకుంది. కోపం లేదు, నిష్ఠూరం లేదు, ఊరికే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది.

"మరి నేనేం చెయ్యాలె బాపు ఇప్పుడు?"

ఏ కప్పు కింద ఎక్కడ దిమ్మె ఆనించాలో చెప్పగలిగిన మనిషి ఆ ప్రశ్నకు బిడ్డ ముఖం చూడలేకపోయాడు. నయమైన చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక లుంగీ మడత కింద దాచుకున్నాడు.